దక్కనివాళ్లను అడగండి

ఇళ్లకు వెల కట్టే పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. కాఫీ చల్లారేలోపు అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "మీ రోజుల్లో పోల్చి చూసుకోవడానికి అమ్మకాలు ఎలా పట్టుకునేవారండీ?" జవాబు ఒక్క వాక్యంలో అయిపోతుంది. ఆ వాక్యం నా చేతికి ఎలా వచ్చిందో, దాన్ని పట్టుకుని నడిచినందుకు నాకేం దక్కకుండా పోయిందో చెప్పాలంటే మాత్రం కాస్త కూర్చోవాలి.

ముందు పని సంగతి. ఒక ఇంటి విలువ తేల్చాలంటే దాని చుట్టుపక్కల అలాంటి ఇల్లే ఈ మధ్య ఎంతకు అమ్ముడైందో తెలియాలి. అమ్మినవాడికీ కొన్నవాడికీ బంధుత్వం ఉండకూడదు, ఇద్దరిలో ఎవరికీ తొందర ఉండకూడదు. అలాంటివి కనీసం మూడు దొరికితే మన లెక్క నిలబడుతుంది. పుస్తకంలో ఇంతే. మా ఊళ్లో చిక్కేమిటంటే దస్తావేజులో ఉండేది సర్కారు రేటు, చేతులు మారినది వేరే. కొన్నవాణ్ణి అడిగితే పన్నుకు భయపడి తగ్గించి చెప్పేవాడు. అమ్మినవాణ్ణి అడిగితే బామ్మర్ది ముందు పరువు పోతుందని పెంచి చెప్పేవాడు. బ్రోకరు ఎదుటివాడి ముఖం చూసి చెప్పేవాడు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ ఎన్ని చెప్పులు అరిగినా అసలు ధర కాగితం మీద కనిపించేది కాదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో స్టీలు సామాన్ల దుకాణం మీద మా ఆఫీసు. రెండు బల్లలు, ఒక కిటికీ, ఒక ఫ్యాను. కిటికీ నా బల్లకు, ఫ్యాను నా భాగస్వామి బల్లకు అని మొదటిరోజే ఒప్పందం. నాది కృష్ణా జిల్లా. ఆయనది తుర్కయంజాల్ దగ్గర పల్లె. ఇద్దరం ఒకే చదువు చదివాం. నేను వెల కట్టే లెక్కలు చూసేవాణ్ణి, ఆయన ఇళ్ల ప్లాన్లు గీసేవాడు. వయసులో నాకంటే చిన్న అయినా నేను ఆయన్ని "అన్నా" అనేవాణ్ణి. ఆ ఊళ్లో అందరూ అందర్నీ అలాగే పిలుస్తారు. ఆయన నన్ను "సారూ" అని చివర దీర్ఘం తీసి పిలిచేవాడు. ఆ దీర్ఘంలోనే ఎగతాళి, గౌరవం రెండూ ఉండేవి.

నాకు చిన్నప్పటినుంచీ డైరీ రాసే అలవాటు. ఆఫీసులో కూడా సాయంత్రం బల్ల సర్ది, నాలుగు వాక్యాలు రాసి గాని లేచేవాణ్ణి కాదు. ఆయనకది వింత.

"సారూ, గిదంత రాసుడు ఎవరికి చూపెట్టనీకి? అమ్మకా, దేవునికా?"

"ఎవరికీ కాదన్నా. మర్చిపోకుండా."

"మర్చిపోయేటియి రాసుకుంటరా, మర్చిపోవాల్సినయి రాసుకుంటరా?"

ఇది రాయడానికి ఆ రోజుల డైరీలు తీసి చూశాను. ఎక్కడికి వెళ్లాను, ఏ గది ఎంత కొలిచాను, వాన పడిందా లేదా అన్నీ ఉన్నాయి. కావలసినవి మాత్రం చాలావరకు లేవు.

ఒక ఏడాది వినాయక నిమజ్జనం రోజున ఆయన నన్ను స్కూటరు మీద బాలాపూర్ తీసుకెళ్లాడు, లడ్డూ వేలంపాట చూపిస్తానని. జనం, డప్పులు, రంగులు. పాట ముగిసేసరికి గెలిచినాయన్ని భుజాలకెత్తుకుని మోసుకుపోయారు. నా పక్కన ఒకాయన మాత్రం కదల్లేదు. చివరిదాకా పోటీకి నిలిచి ఓడిపోయిన మనిషి. తను పాడిన ఆఖరి పాటనే పెదాలమీద మళ్లీ మళ్లీ అనుకుంటూ నిలబడ్డాడు.

తిరిగి వస్తుంటే నేనన్నాను. "అన్నా, ఆ ఓడిపోయినాయన ఆ లెక్క బతికినన్నాళ్లూ మర్చిపోడు."

"ఏడ మర్చిపోతడు సారూ! గెలిచినోడు లడ్డు పంచి మర్చిపోతడు."

అలా పుట్టింది మా పద్ధతి. ఏ ఇల్లు అమ్ముడైనా కొన్నవాణ్ణీ అమ్మినవాణ్ణీ వదిలేసి, ఆ ఇల్లు కావాలనుకుని దక్కనివాడు ఎవడా అని వెతికేవాళ్లం. వాడికి పన్ను భయం లేదు, దాచాల్సిన పరువూ లేదు. ఒక చిన్న నొప్పి మాత్రం ఉంటుంది, ఆ నొప్పి దగ్గర అంకె చెరగకుండా ఉంటుంది. ఆలోచన నాది, నోరు ఆయనది. వీధి చివర హోటల్లో కూర్చుని చాయ్ సాసర్లో పోసుకుంటూ, ఎవరితోనో అన్నట్టు "మంచి ఇల్లు పాయె పో" అని నిట్టూర్చేవాడు. పక్క బల్ల మీదినుంచి ఎవరో ఒకరు అందుకునేవారు.

అబద్ధాలు చెప్పేవాళ్లు అక్కడా తగిలారు. వెళ్లని ఇంటిని బేరమాడానని గొప్పలు పోయేవాళ్లు. అందుకని ఒక పరీక్ష పెట్టుకున్నాం. ధర అడిగాక ఊరికే మాటల్లో పెట్టి ఇంటి లోపల ఎలా ఉందని అడిగేవాళ్లం. నిజంగా కావాలనుకున్నవాడు గోడల రంగు గురించి చెప్పడు. మంచం ఎక్కడ వేయాలనుకున్నాడో చెప్తాడు, బియ్యం డబ్బా ఎక్కడ పెట్టాలని భార్య అనుకుందో చెప్తాడు. మనసులో అప్పటికే వాడు ఆ ఇంట్లో దిగిపోయి ఉంటాడు. అలాంటివాడు చెప్పిన ధర నేను కళ్లు మూసుకుని రాసుకునేవాణ్ణి.

తర్వాత ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపందుకుంది. బంద్ అంటే దుకాణాల షట్టర్లు పడేవి, బస్సులు డిపో దాటేవి కావు. మా భాగస్వామి పొద్దున ఆఫీసుకు వచ్చి, మధ్యాహ్నం జెండా పట్టుకుని వెళ్లి, సాయంత్రం గొంతు పోయి తిరిగొచ్చేవాడు. మా మధ్య ఆ విషయం మీద వాదన ఎప్పుడూ ఆగలేదు, ముదరనూ లేదు.

"అన్నా, రాష్ట్రం వస్తే నా కిటికీ ఎవరికిస్తారు?"

"కిటికీ మీదే సారూ. ఫ్యాను మాత్రం తెలంగాణది."

రోడ్ల మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసిన రోజున ఎల్.బి. నగర్ చౌరస్తా నుంచి స్టీలు డబ్బాలో బగారా అన్నం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "ఉద్యమం బువ్వ. తినుండ్రి. తింటే మీరు గూడ మావోళ్లయితరు." నేను తిన్నాను. ఉప్పు ఎక్కువైందన్నాను. "గది ఉప్పు కాదు సారూ, చెమట" అన్నాడు, నవ్వకుండా.

అమ్మకాలు మాత్రం ఆగిపోయాయి. చాయ్ బల్లల దగ్గర అందరిదీ ఒకే మాట: ఆంధ్రోళ్లు పోతారు, ఇళ్లు సస్తాగా దొరుకుతాయి, ఆగండి. కొనేవాళ్లు ఆగారు. అమ్మాలనుకున్నవాళ్లు భయపడ్డారు. పోల్చడానికి అమ్మకం అన్నదే కనిపించని ఆ రోజుల్లోనే మా మెట్లెక్కి ఇద్దరు కలిసి వచ్చారు.

అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ కలిసి రావడం మా వృత్తిలో అరుదు. వచ్చినాయన కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే మేష్టారు. పశ్చిమ గోదావరి నుంచి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. వెంట వచ్చినావిడ సర్కారు దవాఖానాలో నర్సు. హయత్‌నగర్ అవతల పల్లె వాళ్లది. మేష్టారి పై వాటాలో ఏళ్ల తరబడి కిరాయికి ఉంటోంది. క్రిస్మస్ కేకు కిందికి, పండగ బూరెలు పైకి ఆ మెట్ల మీద తిరుగుతుండేవని తర్వాత తెలిసింది.

"మేం వెళ్లిపోదామనుకుంటున్నామండి" అన్నారు మేష్టారు. "ఈవిడ తీసుకుంటానంటోంది. మా అమ్మాయి పురుడు పోసిన మనిషి, ఈవిడతో నేను బేరం ఆడలేను. మీరెంతంటే అంత."

"నాకు గూడ సార్‌తోని బేరం చెయ్య నోరు రాదు" అంది నర్సమ్మ. "మీరు ఎంత జెప్తే గంత. ఎక్కువైతే నా నసీబు. బ్యాంకోళ్లు నాకు ఎంత ఇస్తమన్నరో..."

"అమ్మా, ఆగు!" నా భాగస్వామి చెయ్యెత్తాడు. "నీ దగ్గర ఎంతున్నదో మాకు చెప్పకు. చెప్తే మా సార్ చెయ్యి గటే వోతది."

నర్సమ్మ నవ్వి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ ఇల్లు ఆవిడకు ఎంత కావాలో ఆ నవ్వు ఆగిన తీరులో తెలిసింది.

కొలవడానికి వెళ్లాను. ప్రధాన రహదారి నుంచి రెండు మలుపులు లోపలికి. చిన్న వరండా, ముందు జాజి పందిరి, వెనక బట్టలుతికే బండ. నేను వెళ్లినప్పుడు మాటల్లో మేష్టారి భార్యదీ మా ఆవిడదీ పక్క పక్క ఊళ్లని తేలింది. శ్రావణ శుక్రవారం పేరంటానికి పిలుపు వచ్చింది. మా ఆవిడ వెళ్లి తాంబూలం పుచ్చుకుని వచ్చి, పసుపు పాదాలతో అలాగే గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఆ వంటింటి కిటికీ చూశారా మీరు?"

"నాలుగడుగులు వెడల్పు. సన్‌షేడ్ ఉంది."

"అది కాదండీ. తూర్పుకుంది. పొద్దున పొయ్యి దగ్గర నిలబడితే ఎండ చేతుల మీద పడుతుందట. లైటు వెయ్యక్కర్లేదట."

నేను ఆ కిటికీని కొలిచాను. ఆవిడ చూసింది.

మేం అప్పటికి పెళ్లయిన దగ్గరనుంచీ అద్దె ఇళ్లలోనే ఉన్నాం. నవ్వుకోండి, తప్పులేదు. ఊళ్లో ఇళ్లన్నిటికీ వెల కట్టినవాడికి సొంత ఇల్లు లేదు. ఏ ఇల్లు చూసినా అడిగే ధర విలువకంటే ఎక్కువని నాకు తెలిసిపోయేది. తెలిసీ ఎలా కొనను? ఆ కారణాన్నే మా ఆవిడకు ప్రతి ఇంటి దగ్గరా చెప్తూ వచ్చాను. మా వంటిల్లు పగలు కూడా బల్బు వేస్తే గాని కనపడేది కాదు.

ఆ కాలనీలో ఆ మధ్య అమ్ముడైనవి రెండే ఇళ్లు. మేష్టారి వీధి చివర ఒకటి, వెనక వీధిలో ఒకటి. మధ్యవర్తుల నోట విన్న ధర రెండింటికీ బాగా తక్కువ. రెండు ధరలూ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి కాబట్టి లెక్క ప్రకారం బలమైన ఆధారమే. మూడోది దొరకలేదు. మూడోది లేకుండానే ఒక ముసాయిదా వేసుకున్నాను. ఆ ధరకైతే నర్సమ్మకు అందుతుందేమో అనిపించింది. ఇంకొకటి కూడా అనిపించింది: ఆ ధరకైతే నాకు కూడా అందుతుంది.

ఆ వారంలోనే మేష్టారు ఒక్కరే ఆఫీసుకు వచ్చారు. నా భాగస్వామి బయట ఉన్నాడు. కుర్చీ అంచున కూర్చుని గొంతు తగ్గించారు.

"ఒక మాట అడుగుతాను, ఏమనుకోకండి. ఇల్లు మీరే తీసుకోరాదూ? ఎంతోకొంత. మన వైపు వాళ్లయితే రిజిస్ట్రేషన్ దగ్గర తలనొప్పి ఉండదు. రేపు ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు?"

"నర్సమ్మకు మాట ఇచ్చారు కదండీ."

"ఆవిడకు నేను నచ్చజెప్తాను. మంచి మనిషి, అర్థం చేసుకుంటుంది."

ఆలోచిస్తానన్నాను. ఇంటికి వెళ్లి మా ఆవిడకు చెప్పాను. ఆవిడ చేతిలో చాట ఉంది. కింద పెట్టేసింది.

"నేను వెల కట్టే ఇల్లు నేనే కొనకూడదు" అన్నాను.

"అయితే వెల కట్టకండి. ఆ పని మీ అన్నకు వదిలెయ్యండి."

ఎంత తేలిగ్గా చెప్పింది! అందులో తప్పేమీ లేదు కూడా. ఆ సాయంత్రం డైరీలో "మబ్బు. వాన లేదు" అని మాత్రమే రాసి ఉంది.

మర్నాడు మా పద్ధతి ప్రకారం ఆ రెండు ఇళ్లు దక్కనివాళ్లను వెతకడానికి బయల్దేరాం. ఎల్.బి. నగర్ చౌరస్తా దాటాక బండ్లకు బ్యాటరీలు అమ్మే దుకాణం ఒకటుంది. వీధి చివరి ఇల్లు అడిగి పోగొట్టుకున్నది ఆ యజమాని అని చాయ్ హోటల్లో తెలిసింది. సూర్యాపేట వైపు మనిషి. మా భాగస్వామి స్కూటరు బ్యాటరీ ఒకసారి చూడమని మాట కలిపి, నెమ్మదిగా ఇంటి సంగతికి దించాడు.

"ఆ ఇల్లా? అడగకు అన్నా, కడుపు రగులుతది" అన్నాడాయన. "ఆంధ్రోళ్లు పోతుండ్రు, ఇండ్లు సస్తగ దొరుకుతయ్ అని అందరు అనవట్టె. నాకేడ దొరికె? నేను గాయన చెప్పినదానికన్న ఎక్కువిస్తనన్న. పైసలు సంచిల పెట్టుకోని వోయిన. గేటు కాడనే నిలబెట్టిండు. తెల్లారి చూస్తే వాళ్ల ఊరాయనకు తక్కువకు ఇచ్చేసిండు."

"నువ్వెంతన్నవ్?" అని అడిగాడు నా భాగస్వామి.

ఆయన చెప్పాడు. నేను విన్న ధర ఎక్కడ, ఆయన చెప్పినది ఎక్కడ! ఉద్యమానికి ముందు ఆ వీధిలో నడిచిన ధరకు దాదాపు సమానం.

"ఇల్లు లోపల మంచిగుండెనా?" అన్నాను నేను, పరీక్ష కోసం.

ఆయన చేతిలో పని ఆపేశాడు. "మెట్ల కింద ఇంత జాగ ఉన్నది సారూ. మా నాయినకు మంచం ఆడ ఏద్దామనుకున్న. ఆయనకు మోకాళ్ల నొప్పులు, పైకెక్కలేడు. కిటికిలకెళ్లి రోడ్డు మీద పోయేటోళ్లను చూసుకుంట కూసుంటడని..." తల వంచి బ్యాటరీ మీది దుమ్ము తుడిచాడు.

వెనక వీధి ఇల్లు దక్కనివాడు హయత్‌నగర్‌లో బడి పంతులు. ఆయన కథా అంతే. ఎక్కువిస్తానన్నా ఇల్లు దక్కలేదు, అమ్మినవాడు తన జిల్లావాడికే తక్కువకు ఇచ్చి వెళ్లిపోయాడు.

అప్పుడు నాకు లెక్క తెలిసొచ్చింది. నా ఆధారాలు రెండూ అమ్మకాలే కావు. మావాళ్లు భయపడి ఒకరికొకరు తక్కువకు ఇచ్చుకున్నారు. తక్కువకు అడుగుతాడని ఎవరికి భయపడ్డారో వాడు గేటు బయట ఎక్కువ పట్టుకుని నిలబడ్డాడు. ఆ తక్కువ ధరలే మళ్లీ ఊరంతా పాకి, మిగతా మావాళ్లను ఇంకా భయపెడుతున్నాయి. మూడో గేటు దగ్గర ఇప్పుడు నేనున్నాను, లోపలివాడిగా.

తిరుగు దారిలో స్కూటరు నడుపుతూనే నా భాగస్వామి అడిగాడు. "సారూ, మీకు ఆ ఇంటి మీద మనసు వడ్డది గదా?"

"నీకెలా తెలిసింది?"

"రెండుసార్లు కొలుస్తిరి. మీరెన్నడు రెండుసార్లు కొలువంగ నేను చూడలే."

మేష్టారు అన్నది చెప్పాను. ఆయన స్కూటరు పక్కకు ఆపాడు. "ఇంక ఏంది పరేషాన్? కొనుండ్రి. మీరు పక్కకు జరుగుండ్రి, ధర నేను కడ్త. వదినె ఎన్నడు ఒక్క చీర అడగంగ గూడ నేను ఇనలే. నర్సమ్మకు ఇంకో ఇల్లు చూద్దాం."

"అన్నా, మేష్టారు నాకిస్తానంటున్నది నా ఊరు చూసి. బ్యాటరీ దుకాణం ఆయన్ని గేటు దగ్గర ఆపింది కూడా ఆయన ఊరు చూసే. నేను లోపలికి ఎలా వెళ్లను?"

ఆయన స్కూటరు కిక్కు కొడుతూ, "మీతోని కష్టం సారూ" అన్నాడు. దీర్ఘం మామూలు కంటే పొడుగ్గా ఉంది.

తేల్చి చెప్పాల్సిన రోజు సమ్మె నడుస్తోంది. బస్సుల్లేవు. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మధ్యలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. ఇద్దరం నడుచుకుంటూ వెళ్లాం. మేష్టారి హాల్లో సామాను అప్పటికే సగం అట్టపెట్టెల్లోకి ఎక్కింది. మేష్టారు, ఆయన భార్య సోఫాలో, నర్సమ్మ గుమ్మం పక్కన స్టూలు మీద. ఆవిడ డ్యూటీ బట్టల్లోనే ఉంది.

నేను ధర చెప్పాను. బ్యాటరీ దుకాణం ఆయనా పంతులూ ఇస్తామన్నదాని ప్రకారం కట్టిన ధర.

మేష్టారు నమ్మలేనట్టు చూశారు. నర్సమ్మ తల కొద్దిగా ఊపింది, లోపల ఏదో లెక్క పూర్తయినట్టు. "అంత నాతోని కాదు సారూ" అంది మెల్లగా. లేచి, ఖాళీ కాఫీ గ్లాసులు పోగుచేసుకుని వంటింట్లోకి వెళ్లింది. కుళాయి విప్పిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు నాకిప్పటికీ గుర్తుంది.

"ఇంత ఎవరిస్తారండీ ఈ రోజుల్లో?" అన్నారు మేష్టారు.

జవాబు నా భాగస్వామి చెప్పాడు. గేటు దగ్గర ఆగిపోయిన మనిషి సంగతి, మెట్ల కింద మంచం వేద్దామనుకున్న సంగతి, పంతులు సంగతి, ఏదీ పెంచకుండా చెప్పాడు. చివర్న అన్నాడు. "లెక్చరర్ సాబ్, మేమడుగుతున్నది రాష్ట్రం. మీ ఇల్లు గాదు. ఇల్లు గావాలంటే గిట్ల సంచి పట్టుకొనొచ్చి అడుగుతం."

మేష్టారి భార్య అట్టపెట్టె మీద చెయ్యి వేసి, "మన పక్కన ఉండటానికి ఎక్కువిస్తామన్నారన్నమాట" అంది, ఎవరితోనూ కాకుండా. కాసేపయ్యాక భర్త వైపు తిరిగింది. "మరి మనం ఎవరికి భయపడి పోతున్నామండీ?"

మేష్టారు అమ్మలేదు. ఆ సాయంత్రమే ఒక పెట్టె విప్పారట. నర్సమ్మను పిలిచి, ఎప్పుడు అమ్మినా ముందు ఆవిడనే అడుగుతానని మా ఎదుటే మాట ఇచ్చారు. ఆవిడ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ, "అప్పటిదాంక కిరాయి పెంచరు గద సార్?" అంది. అందరం నవ్వాం. ఆవిడ కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి. నావి ఎలా ఉన్నాయో చూసుకోవడానికి అక్కడ అద్దం లేదు, అదీ పెట్టెలోకి వెళ్లిపోయింది.

ఇంటికెళ్లి మా ఆవిడకు చెప్పాను. ఆవిడ విని, బల్బు వేసి, పొయ్యి వెలిగించింది.

రాష్ట్రం వచ్చింది. ఉన్నవాళ్లెవరూ ఎక్కడికీ వెళ్లలేదు. ఆ రోజున నా భాగస్వామి ఆఫీసుకు మిఠాయి డబ్బాతో వచ్చి, ఫ్యాను నా వైపు తిప్పి కూర్చున్నాడు. "ఇయ్యాల్టి నుంచి మీకే సారూ" అన్నాడు. కొన్నేళ్లకు ఆయన పోయాడు. ఎక్కడో కడుతున్న ఇంటిపని చూసి వచ్చి, చెప్పులు విప్పుతూ విప్పుతూనే కూలిపోయాడని ఫోను వచ్చింది. ఆ తర్వాత ఆఫీసు ఎక్కువ రోజులు నడపలేకపోయాను. కిటికీ పక్కన కూర్చోబుద్ధి అయ్యేది కాదు. ఇప్పుడు కూడా ఎక్కడైనా ఎవరైనా "సారూ" అంటే తల తిప్పుతాను. ఆ దీర్ఘం ఎవరికీ రాదు.

పని మానేశాక, ఇక వెల కట్టే బాధ్యత లేదు కాబట్టి, ఒకసారి నేనే మేష్టారి దగ్గరికి వెళ్లాను. పిల్లల దగ్గరికి బెంగళూరు వెళ్లిపోతూ ఇల్లు అమ్ముతున్నారని విన్నాను. నా దగ్గర ఉన్నదంతా లెక్క వేసుకుని, జీవితంలో మొదటిసారి విలువకంటే ఎక్కువకు అడిగాను. మేష్టారు నా చెయ్యి పట్టుకున్నారు. "నర్సమ్మకు మాటిచ్చాను, మీ ఎదుటేగా" అన్నారు. ఆవిడా, ఉద్యోగంలో చేరిన కూతురూ కలిసి తీసుకున్నారు. గృహప్రవేశానికి ఫాదరు గారు ప్రార్థన చేశారు. మేష్టారి భార్య గుమ్మానికి పసుపు రాసింది. మా ఇద్దరికీ పిలుపు వచ్చింది. వెళ్లాం. మా ఆవిడ వంటింట్లోకి మాత్రం వెళ్లలేదు.

మెట్రో రైల్లో ఎల్.బి. నగర్ వైపు వెళ్తే, ఇళ్ల సందులోంచి ఒక్క క్షణం ఆ డాబా కనిపిస్తుంది. నేను ఎడమవైపు సీటు కోసం చూస్తుంటాను.

మొన్నొక అమ్మాయి వచ్చింది. ఈ వృత్తిలో కొత్త, నెమ్మదైన మనిషి. నర్సమ్మ పక్క ఇంటికి వెల కట్టాలట. నర్సమ్మ ఇల్లు ఎంతకు అమ్ముడైందో ఎవరూ సరిగ్గా చెప్పడం లేదట.

"ఆవిణ్ణి అడిగితే నవ్వేశారండీ. కొన్నదాన్ని నన్నడుగుతవేంది బిడ్డా, దక్కనోళ్లనడుగు అన్నారు. మీ అడ్రసు ఇచ్చారు." అమ్మాయి ఇబ్బందిగా కదిలింది. "మీరు కూడా ఆ ఇల్లు అడిగారట కదండీ. ఎంతకు అడిగారో..."

కచ్చితంగా చెప్పాలి కదా అని డైరీ కోసం లేచాను. అలమారా తలుపు తీసేలోపే వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. రూపాయి తేడా లేకుండా చెప్పింది. "ఇంకొంచెం కలిపి అడగమన్నాను. ఈయన వినలేదు" అని కూడా అంది.

అమ్మాయి రాసుకుంది. తర్వాత, ఈ పద్ధతి ఎవరి దగ్గర నేర్చుకుందో గాని, ఊరికే అన్నట్టు అడిగింది. "ఆ ఇల్లు లోపల బాగుంటుందాండీ?"

మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "వంటింటి కిటికీ తూర్పుకమ్మా. కిందిగట్టు మీద తులసి కుండీ పడుతుంది. ఎండ నేరుగా పొయ్యి మీదికి వస్తుంది కాబట్టి పోపు డబ్బా ఎడమవైపు పెట్టుకోవాలి, లేకపోతే జీలకర్ర రంగు పోతుంది. ఈయన కుర్చీ వరండాలో జాజి పందిరి పక్కన. రాసుకునేటప్పుడు వెలుతురు కావాలి కదా. వెనక బండ మీద..." అక్కడ ఆగింది.

అమ్మాయి కలం ఎత్తి నా వైపు చూసింది. నమ్మొచ్చా అన్నట్టు.

"నమ్మొచ్చు" అన్నాను. "రాసుకోమ్మా."